వీరవనితల పంక్తిలో

కొత్త అమావాస్యకు ముందు రోజులలో అనకాపల్లి గవరపాలెమున నూకాంబిక అమ్మవారి జాతరకు పందిళ్లు లేచును. ఆ దినములకు కొంచెము ముందుగనే, మార్చి 8వ తేదీ మహిళా దినోత్సవము పేరిట బడులలో వేరొక సందడి మొదలగును. అట్టముక్కతో కత్తి, బంగారు కాగితముతో కిరీటము, అమ్మమ్మ పెట్టెలోని పట్టుచీర - వీటితో తరగతికొక రుద్రమదేవి, ఒక ఝాన్సీ లక్ష్మీబాయి, ఒక మాంచాల తయారగుదురు. గోడకు అంటించు వీరవనితల పట్టికలో దువ్వూరి సుబ్బమ్మ, దుర్గాబాయి దేశముఖ్, చాకలి ఐలమ్మ చేరుదురు. ఆ పట్టిక వ్రాయు పని సాధారణముగా తెలుగు మాస్టారి పైననో, సోషలు టీచరు పైననో పడును. ఏ పేరు ఉంచవలెను, ఏ పేరు తీయవలెను అను తర్జనభర్జన స్టాఫురూములో ఒక పూట సాగి, మధ్యాహ్నపు గంటతో ముగిసిపోవును.

అటువంటి పట్టికనే ప్రపంచమంతయు చూచుచుండగా తయారుచేసినపుడు తర్జనభర్జన అంత తేలికగా ముగియలేదు.

అమెరికా విదేశాంగశాఖ 2007వ సంవత్సరము నుండి ఏటేట వివిధ దేశముల స్త్రీలకు ఒక ధైర్య పురస్కారమును ఇచ్చుచున్నది. తమ దేశములలో అపాయమునకు ఎదురునిలిచి, శాంతికొరకు, న్యాయముకొరకు, స్త్రీల హక్కులకొరకు పనిచేసినవారికి అది ఉద్దేశింపబడినది. 2013లో ఢిల్లీ దురంతమునకు బలియైన 'నిర్భయ'ను మరణానంతరము ఆ పురస్కారముతో గౌరవించినారు. మరుసటి సంవత్సరము యాసిడ్ దాడినుండి బయటపడి, యాసిడ్ అమ్మకముపై కట్టడికై పోరాడిన లక్ష్మీ అగర్వాల్‌కు ఇచ్చినారు. ఈ రెండు ఎంపికలను గురించి మన దేశములో ఎవరును నోరెత్తలేదు. ఎత్తవలసిన పనియు లేదు.

2023 మార్చి 8న శ్వేతసౌధములో జరిగిన ప్రదానోత్సవమున పురస్కారము స్వీకరించినవారిలో అర్జెంటీనాకు చెందిన ఆల్బా రువేదా ఒకరు. ఆమె ట్రాన్స్‌జెండర్ స్త్రీ. పుట్టినపుడు మగబిడ్డగా నమోదై, పెరిగి పెద్దయిన తరువాత స్త్రీగా జీవించుచున్నవారు. అప్పటికామె అర్జెంటీనా విదేశాంగశాఖలో ప్రత్యేక ప్రతినిధి. ప్రభుత్వోద్యోగములలో నూటికి ఒకటి చొప్పున ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కేటాయించు చట్టము 2021లో ఆ దేశమున వచ్చినది. దానికై పాటుపడినవారిలో ఆమె ఉన్నారు. తన జ్ఞానస్నానపు రికార్డులో పేరు మార్చుటకు నిరాకరించిన సాల్తా ఆర్చిబిషప్పుపై న్యాయస్థానమున కెక్కినదియు ఆమెయే. కాథలిక్కు మతము వేళ్లూనిన దేశములో అది చిన్న సాహసము కాదు.

అయినను సభ ముగిసిన గంటలలోనే అమెరికాలో వివాదము చెలరేగినది. స్త్రీల దినమున స్త్రీల పురస్కారమును పురుషునిగా పుట్టినవారికిచ్చుట స్త్రీలను అవమానించుటయే యని కొందరు రాజకీయ నాయకులు మండిపడినారు. ఆమెయు స్త్రీయే, ఆమె ధైర్యము స్త్రీ ధైర్యమే యని మరికొందరు. తరువాత ఇరుపక్షములవారును ఒకరినొకరు తిట్టుకొనుటలో మునిగి, ఆల్బా రువేదా చేసినదేమో చెప్పుట మరచినారు. వివాదములలో ఇది మామూలే. సన్మానితుల పని గాలికి పోయి, సన్మానము మాత్రమే మిగులును.

ఈ తగవు దూరదేశపు తగవని తోసిపుచ్చుటకు తెలుగువారికి వీలులేదు. ధైర్యమునకు, స్త్రీత్వమునకు గల సంబంధమును గురించి మన వాఙ్మయము ఎన్నడో తగవు పెట్టుకొన్నది. అదియు తిక్కన గారు ఆరంభించిన మొదటి పర్వములోనే.

విరాటపర్వమును పాఠము చెప్పిన ప్రతి ఉపాధ్యాయునకు ఆ ఘట్టము గుర్తుండును. ఉత్తరగోగ్రహణము ముగిసినది. కౌరవసేనను ఓడించి గోవులను మరల్చినారను వార్త వచ్చినది. విరాటుడు ఉప్పొంగి, కొడుకు ఉత్తరకుమారుని పరాక్రమమును పొగడుచు కంకుభట్టుతో జూదమునకు కూర్చున్నాడు. బృహన్నల సారథిగా ఉన్నపుడు గెలుపు రాక ఏమగునని కంకుభట్టు అన్నాడు. రాజునకు ఒళ్లు మండినది. నా కొడుకుతో ఒక పేడిని సమానము చేయుదువా యని పాచిక విసరినాడు. ధర్మరాజు ముక్కునుండి నెత్తురు కారినది. అది నేల రాలకుండ సైరంధ్రి పాత్ర పట్టినది.

ఆ విసరిన పాచికలో నేటి వివాదమంతయు ఉన్నది. గెలిచినదెవరో సభలో ఒక్కరికి తెలియును. ఆ ఒక్కరు పేరు చెప్పినపుడు రాజు అడిగినది యుద్ధమున ఏమి జరిగినదని కాదు, ఆ పేరు గలవారు ఏ జాతివారని. బృహన్నల వేషములో ఉన్నది అర్జునుడు గదా, కావున ఈ పోలిక పూర్తిగా చెల్లదని విద్యార్థి అభ్యంతరము చెప్పవచ్చును. చెప్పవలెను కూడ. కాని విరాటునకు ఆ సంగతి తెలియదు. అతడు చూచినది తన కూతురికి ఆటపాటలు నేర్పు పేడిని. ఆ పేడికి ధైర్యముండునని తలచుటయే అతనికి అవమానముగా తోచినది.

భారతములోనే శిఖండి కథ మరింత చిక్కైనది. ద్రుపదుని ఇంట ఆడుబిడ్డగా పుట్టి, కొడుకుగా పెరిగి, యక్షుని వలన పురుషత్వము పొందిన శిఖండి కురుక్షేత్రమునకు రథికుడై వచ్చినాడు. పాండవులకు అతడు తమ పక్షపు వీరుడు. భీష్మునకు మాత్రము పుట్టుకలో స్త్రీ. కావున విల్లు ఎత్తడు. ఒకే వ్యక్తి, ఒకే యుద్ధభూమి, రెండు నిర్వచనములు. వ్యాసుడు ఏ నిర్వచనము సరియైనదని తీర్పు చెప్పలేదు. దాని ఫలితము మాత్రము చెప్పినాడు.

ఇట్టి రెండు నిర్వచనములు 2025వ సంవత్సరములో రెండు న్యాయస్థానములనుండి రెండు నెలల వ్యవధిలో వెలువడినవి. ఏప్రిల్ 16న బ్రిటను సుప్రీంకోర్టు, ఆ దేశపు 2010 నాటి సమానత్వ చట్టములో 'స్త్రీ' అను మాటకు పుట్టుకచే స్త్రీయైనవారని మాత్రమే అర్థమని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము పుట్టినది పురస్కారమునకు దగ్గరి విషయముపైననే: స్కాట్లండులో ప్రభుత్వ సంస్థల పాలకమండళ్లలో సగము స్థానములు స్త్రీలకు ఉండవలెనను 2018 నాటి చట్టములో ట్రాన్స్‌జెండర్ స్త్రీలను లెక్కింపవచ్చునా, కాదా యని. లెక్కింపరాదని తేలినది. అయితే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై వివక్ష చూపరాదను రక్షణ అదే చట్టములో వేరుగా ఉన్నదని న్యాయమూర్తులు గుర్తుచేసినారు.

జూను నెలలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు ఒక గృహహింస కేసు వచ్చినది. ఫిర్యాదు చేసినది ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ. ఆమె బిడ్డలను కనలేదు గనుక స్త్రీ కాదు, కావున భర్తపైనను అత్తవారిపైనను భారత శిక్షాస్మృతి 498-ఎ సెక్షను క్రింద ఫిర్యాదుచేయు హక్కు ఆమెకు లేదని ప్రతివాదులు వాదించినారు. న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చినది. స్త్రీత్వమును సంతానశక్తితో కొలువరాదన్నది, ఆమె స్త్రీయేనన్నది. ఆ ప్రత్యేక కేసులో తగిన ఆధారములు లేవని దానిని కొట్టివేసిన మాటయు నిజమే. కాని సూత్రము నిలిచినది. బిడ్డలను కనని స్త్రీ స్త్రీ కాదను వాదము గెలిచియుండినచో, దాని దెబ్బ ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు మాత్రమే తగిలెడిదా? గొడ్రాలని నోరుజారు లోకములో ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు.

ఈ తీర్పునకు మూలము 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు. తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు రాజ్యాంగము ఇచ్చిన హక్కులలో ఇమిడియున్నదని, మూడవ లింగమును చట్టము గుర్తింపవలెనని ఆనాడు న్యాయమూర్తులు రాధాకృష్ణన్, సిక్రీ చెప్పినారు. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టము చేసినది.

ఇంతకు ముందటి స్థితి ఎట్టిదో తెలియవలెనన్న హైదరాబాదు వైపు చూడవలెను. నిజాము పాలనలో ఫసలీ 1329లో, అనగా 1919 ప్రాంతమున, ఒక చట్టము వచ్చినది. నగరములోని నపుంసకుల పేర్లు రిజిస్టరులో ఎక్కింపవలెను. వారిలో ఎవరైనను స్త్రీ వేషముతో, నగలతో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడిపాడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును; రెండేండ్ల వరకు ఖైదు. నిజాము పోయినాడు, రాష్ట్రములు మారినవి, పేర్లు మారినవి. ఆ శాసనము మాత్రము పుస్తకములలో పదిలముగా ఉండిపోయినది. వైజయంతీ వసంత మొగిలి 2018లో దానిపై హైకోర్టుకు వెళ్లగా, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. నూరేండ్లకు పైగా ఒక చీర కట్టుకొనుట నేరముగా వ్రాసియున్న శాసనమది.

ధైర్య పురస్కారమును గురించి వాదించువారు ఇక్కడ కొంచెము ఆగవలెను. ధైర్యమనగా ఏమి? అపాయమెరిగి అడుగు వేయుట. చీర కట్టుకొని వీధిలోనికి వచ్చుటకు అపాయములేని స్త్రీ ఆ పని చేసినపుడు దానిని ధైర్యమనరు. ఆ చీరకే జైలు శిక్ష వ్రాసియున్నపుడు అదే పని ధైర్యమగును. మరి ఆ ధైర్యము ఎవరిది? పురుషుడైనందుకు ఆమెను ఎవరును పట్టుకొనలేదు. స్త్రీగా బ్రతుకదలచినందుకే పట్టుకొన్నారు. స్త్రీ వేషమునకు శిక్ష అనుభవించినవారిని, స్త్రీ ధైర్యమునకు సన్మానము వచ్చినపుడు స్త్రీలు కారని పంక్తినుండి లేపివేయుట వింతగా తోచును.

అయితే ఎదుటిపక్షపు మాటను తేలికగా తీసివేయుటయు న్యాయము కాదు. స్త్రీల పేర పురస్కారములు ఏల పుట్టినవి? పురస్కారములన్నియు పురుషులకే పోవుచుండుటచేత. పద్మ పురస్కారముల పాత జాబితాలు తిరగవేసినచో స్త్రీల పేర్లు వ్రేళ్లపై లెక్కపెట్టవలసివచ్చును. ఎంతో కాలమునకు స్త్రీలకొక చిన్న అరుగు దొరకినది. దానిపై కూర్చొనువారు ఎవరని అడుగు హక్కు వారికి లేదా? ఆ ప్రశ్న అడిగిన ప్రతి స్త్రీని సంకుచితురాలనుట, ఆమె నోరు మరొకమారు మూయుటయే.

2015లో అమెరికాలో జరిగినదొకటి ఇచ్చట చెప్పదగినది. అక్కడి 'గ్లామర్' పత్రిక ఏటేట విశిష్ట మహిళలను సన్మానించును. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంటభవనములు కూలినపుడు ఎందరినో బయటకు చేర్చి, తాను అక్కడనే ప్రాణము విడిచిన ఒక పోలీసు ఉద్యోగినికి ఆ ఏడు ఆ సన్మానము దక్కినది. 2015లో ఆ పత్రికవారు, పూర్వము ఒలింపిక్ క్రీడాకారుడుగా స్వర్ణము గెలిచి, ఆ ఏడే ట్రాన్స్‌జెండర్ స్త్రీగా ప్రకటించుకొన్న కైట్లిన్ జెన్నర్‌ను సన్మానించినారు. ఆ ఉద్యోగిని భర్త తన భార్య పేర వచ్చిన పురస్కారమును తిరిగి పంపివేసినాడు. ఆ వార్త లోకమంతయు ప్రాకినది. దానిని ఇరుపక్షములవారును తమ తమ అవసరమునకు వాడుకొన్నారు. కాని ఆయన తరువాత చెప్పిన మాట అంతగా ప్రాకలేదు: ముందటి సంవత్సరము అదే పత్రిక ట్రాన్స్‌జెండర్ నటి లావర్న్ కాక్స్‌ను సన్మానించినపుడు తనకు అభ్యంతరము లేదట. ఆయన బాధ లింగమును గురించి కాదు, తూనికను గురించి. మంటలలోనికి నడచిన స్త్రీ ప్రక్కన, కీర్తియు ధనమును అండగా గల వ్యక్తిని నిలిపినందుకు. అది న్యాయమైన బాధ. పుట్టుకచే స్త్రీయైన ఒక సినీతారను అట్లే నిలిపియుండినను ఆ బాధ అంతే న్యాయమగును.

ఆ తూనికయే ప్రధానమని ఒప్పుకొన్నచో సగము వివాదము తగ్గును. మిగిలిన సగము తగ్గదు.

క్రీడలను ప్రస్తావించి ఈ చర్చను ముగింపజూచువారున్నారు. పరుగుపందెములో శరీరబలము లెక్కకు వచ్చును. అక్కడ విభాగములు ఎట్లుండవలెనను ప్రశ్న వేరు, కఠినము. ధైర్యమునకు కండరములతో కొలత లేదు గనుక ఆ వాదమును ఇక్కడికి తెచ్చుట పొరపాటు. కాని క్రీడలనుండి నేర్వదగినది వేరొకటి కలదు. 2006 దోహా ఆసియా క్రీడలలో 800 మీటర్ల పరుగులో రజతము గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ పతకమును లింగపరీక్ష పేర లాగుకొన్నారు. ఇటుక బట్టీలో పనిచేసిన తల్లిదండ్రుల బిడ్డ, పుట్టుకనుండి ఆడపిల్ల. 2014లో ఒడిశాకు చెందిన ద్యుతీ చంద్‌ను హార్మోనుల కారణమున పోటీలనుండి తప్పించినారు. హైదరాబాదులో గోపీచంద్ అకాడమీలో సాధనచేసిన ఆ అమ్మాయి అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానమునకు వెళ్లి 2015లో మరల పరుగెత్తు హక్కు సంపాదించినది. వీరిద్దరును ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కారు. స్త్రీత్వమునకు సన్నని గీత గీయబూనినవారి చేతిలోని బలపము తొలుత గీరుకొనునది పుట్టుకచే స్త్రీలైనవారినే. అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో దిమ్మ రంగు చూచి ధర కట్టుదురు. రుచి చూచునది కొన్నవాడు ఇంటికి వెళ్లిన తరువాతనే. మనుష్యుల విషయములో అంత తొందర తగదు.

తెలుగు వ్యాకరణము నేర్పువారికి ఇందులో ఒక వినోదము కూడ కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తులు, అమహత్తులు అని రెండు తెగలు చేసినాడు. స్త్రీలను తెలుపు మాటలు మహతీవాచకములు. అవి ఏకవచనమున అమహత్తులతో కలిసి నడచును. బహువచనమున మహత్తులతో చేరును. ఆమె వచ్చినది, ఆవు వచ్చినది. వారు వచ్చినారనునపుడు మాత్రమే స్త్రీ పురుషులు ఒక్కటి. ఒంటరి స్త్రీకి మన భాష మానుషక్రియను ఇవ్వలేదు, పదుగురు కూడినపుడే ఇచ్చినది. హిజ్రాలను గురించి మాటలాడునపుడు లోకము ఇంకను 'వాడు', 'అది' అను రెంటి నడుమ ఊగులాడుచున్నది. 'వారు' అను మాట అందుబాటులో ఉండగా ఎక్కువమంది నోట రాదు. తరగతిలో ఈ ఒక్క మాట దిద్దుట కష్టమైన పని కాదు.

2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అను ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రభుత్వోద్యోగములలో చేరినారు. తెలంగాణలో అట్టి నియామకములు అవియే మొదటివి. చదువు ముగిసి చేతిలో పట్టా ఉండగా, ఉద్యోగముకొరకు పెక్కు ఆసుపత్రుల గడపలెక్కి దిగవలసివచ్చినదని వారు పత్రికలవారితో చెప్పుకొన్నారు. వారిని గురించి వ్రాసిన వార్తలలో అంతటను 'తొలి' అను విశేషణము మెరసినది. ఆ 'తొలి'కి ముందు చదువు మానివేసినవారెందరో ఆ వార్తలలో లేరు. ఎనిమిదవ తరగతిలో నడకను చూచి వెక్కిరించుట, తొమ్మిదవ తరగతిలో వెనుకబెంచీ, పదవ తరగతికి ముందే ఇల్లు విడుచుట - ఇది బడిపంతుళ్లకు తెలియని కథ కాదు. మహిళా దినోత్సవ సభలో వీరవనితలను గురించిన ఉపన్యాసమును ఆ వెనుకబెంచీ కూడ వినుచునే ఉండును.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వేరుగా పురస్కారము పెట్టిన సరిపోవునని చెప్పువారు సద్బుద్ధితోనే చెప్పుచుండవచ్చును. తమిళనాడు ప్రభుత్వము అట్టిదొకటి పెట్టినది, మంచిదే. తమను మూడవ లింగముగా భావించుకొనువారికి అది తగిన గౌరవము. కాని నేను స్త్రీని అనుచు అందుకై సర్వమును ఒడ్డినవారికి వేరు విస్తరి వేసినచో, వడ్డన ఎంత ఘనముగా ఉన్నను అది వేరు విస్తరియే. పంక్తిబేధము ఎట్టిదో తెలుగుదేశమునకు ఒకరు చెప్పవలెనా?

కావున ఎంపికచేయువారు అడుగవలసిన ప్రశ్న వేరుగా ఉండవలెను. ఈ వ్యక్తి ఎదుర్కొన్న అపాయము స్త్రీగా బ్రతుకుటవలన వచ్చినదా? దానికి ఎదురునిలుచుటలో ఇతరులకు దారి ఏర్పడినదా? ఆల్బా రువేదా విషయములో రెంటికిని అవుననియే చెప్పవలసియుండును. కీర్తికొరకు, పత్రిక అమ్మకముకొరకు ఎన్నుకొన్న పేరు విషయములో, అది ఎవరి పేరైనను సరే, రెండవదానికి జవాబు తడబడును. ఒక ఊరి స్త్రీ తన అరుగు చిన్నదైపోవుచున్నదని బాధపడినచో, అరుగును పెంచుమని అడుగుట ఆమెకును మేలు, కొత్తగా వచ్చినవారికిని మేలు.

కేంద్రప్రభుత్వము స్త్రీశక్తి పేర ఇచ్చిన పురస్కారములను ప్రసిద్ధ వనితల పేరిట ఏర్పరచినది: అహల్యాబాయి హోల్కరు, కణ్ణగి, జిజాబాయి, ఝాన్సీ లక్ష్మీబాయి, గైడిన్లియు, తెలుగు గడ్డనుండి రాణి రుద్రమదేవి. ఈ వరుస తరువాత నారీశక్తి పురస్కారముగా మారినది. రుద్రమ పేరు ఎన్నుకొన్నవారికి చరిత్ర తెలియును. గణపతిదేవుడు ఆమెకు రుద్రదేవ మహారాజని మగపేరు పెట్టి, మగవేషముతో సింహాసనమెక్కించినాడు. శాసనములలో ఆమె ఆ పేరుతోనే కనబడును. స్త్రీ ఏలుబడిని ఒల్లని సామంతులు తిరుగబడినారు. ఆమె వారిని అణచినది. రాజ్యమునకై మగపేరు ధరించినను ఆమె తన్ను పురుషుడని తలచినట్లు ఎక్కడను లేదు, కావున ఆమెను నేటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సరసన చేర్చుట చరిత్రకు న్యాయము కాదు. కాని పేరు ఒకటి, వేషము ఒకటి, దేహము ఒకటియైన వ్యక్తిని మహారాజని ఆనాటి ఓరుగల్లు పిలువగలిగినది. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము ఆమె మరణమును 1289వ సంవత్సరమున నమోదుచేసినది.

అనకాపల్లి నూకాంబికకు పూర్వము కాకతాంబ అను పేరుండెనని స్థలకథ. జాతరనాడు ఆ గుడి ముందు నిలుచు వరుసలో ఎవరు ఎవరని అడుగువారు లేరు. బడిలో అట్టకత్తి పట్టిన రుద్రమ వేదికనెక్కినపుడు చదువు వ్యాఖ్యానములో మాత్రము ఆమె మగపేరు సాధారణముగా ఉండదు. పిల్లలకు అర్థము కాదని తీసివేయుదురు. ఈసారి దానిని ఉంచి చూడవచ్చును, పిల్లలు ప్రశ్నలడుగుదురు.